తెల్లేరు వంతెన పూచీ

పర్మిట్ మొదటి రోజు

ఈ దారి పుస్తకం రాస్తున్నది దాసరి సువార్త, మూడో తరగతి పూచీదారు. పర్మిట్ తొమ్మిది రోజులకు. సరుకు ఒక్కటే. తాటిదిన్నె అనే సముద్రపొడ్డు ఊరికి, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ఉక్కు డ్రమ్ము. పొడవు ముప్పై ఒక్క మీటర్లు, అడ్డం ఐదున్నర. బండితో కలిపి మొత్తం బరువు రెండు వందల నలభై టన్నులు. కాగితాల్లో దాని పేరు అర పేజీ ఉంది. మేం ముగ్గురం కుండ అంటున్నాం.

ముగ్గురం అంటే, లాగే ఇంజను నడిపే మస్తాన్, వెనక చక్రాలను తిప్పే గురవయ్య, నేను. మస్తాన్‌ది తాటిదిన్నే. ఈ పని అడిగి మరీ వేయించుకున్నాడట. గురవయ్య మెడలో మీటల పెట్టె తగిలించుకుని బండి వెనక నడుస్తాడు. ఇరవై రెండేళ్లుగా నడుస్తున్నాడు, కూర్చుని ప్రయాణం చేస్తే కడుపులో తిప్పుతుందంటాడు. నేను ముందు జీపులో, ఎత్తు కొలిచే గెడ కట్టుకుని, అర కిలోమీటరు దూరంలో పోతాను. గెడకు ఏ తీగ తగిలినా బండి ఆగాలి.

ఉదయం నాలుగు మూలలా ఎర్రజెండాలు కట్టాం. నూట అరవై టైర్లూ చూసుకున్నాం. మా మేనత్త ఇచ్చిన చింతకర్రతో కుండను నా భుజం ఎత్తు దగ్గర మూడుసార్లు తట్టాను. ఖంగుమంది. కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టే, ఖాళీ డ్రమ్ము ఏది బయల్దేరినా మా పర్మిట్ కచేరీవాళ్లం రోజూ తట్టి చూస్తాం, లోపల ఎవరూ ఏమీ దాచలేదని రుజువు కోసం. యంత్రాలొచ్చి ముప్పై ఏళ్లయినా ఈ అలవాటు పోలేదు.

ముప్పై ఎనిమిది కిలోమీటర్లు నడిచాం. సూర్యాస్తమయానికి అరగంట ముందే ఆపాం. నిబంధన అది.

పర్మిట్ రెండో రోజు

మొదటి వంతెన దాటాం. పన్నెండు నిమిషాలు పట్టింది.

పర్మిట్ ఇచ్చేది యంత్రమే. ఏ వంతెన ఏ గంటకు ఎంత మోయగలదో దానికి తెలిసినట్టు మనిషికి తెలియదు. సంతకం మాత్రం మనిషిది. వంతెనలు వరసగా కూలిన ఏడాది తర్వాత వచ్చింది ఈ నిబంధన. భారీ బండి దాటేంతసేపూ సంతకం పెట్టినవాళ్లు ఆ వంతెన కింద నిలబడాలి. యంత్రానికి నిలబడటానికి ఒళ్లు లేదు, పోగొట్టుకోవడానికి ప్రాణం లేదు. అందుకని మాకు జీతాలిస్తున్నారు.

మా మేనత్త మార్తమ్మ మూడు వందల పన్నెండు వంతెనల కింద నిలబడింది. ఒక్కటీ కూలలేదు. పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది, ఇప్పుడు అన్నం కూడా ఇంటికప్పు చూస్తూ తింటుంది. మా కచేరీలోనే పూచీదారుగా పనిచేసిన కొండలరావు గారికి మాత్రం పదకొండో వంతెనే ఆఖరుది. ఆ బండిలో మిల్లు యంత్రం కింద ఎవరో చెప్పకుండా ఇనుప రేకులు పేర్చారు. ఆయన చెప్పులు ఆయన ఇంటికి తీసుకెళ్లి ఇచ్చింది నేనే. ఆ రోజు నుంచి సరుకు విషయంలో నేను ఎవరినీ నమ్మను. మస్తాన్, గురవయ్య నన్ను చాదస్తం మనిషి అనుకుంటారు. అనుకోనీ.

పర్మిట్ మూడో రోజు

ఎగువ రాష్ట్రం సరిహద్దుకు చేరాం. తూకం వేశారు. రెండు వందల నలభై, పైన ఒక్క కిలో లేదు. తూకం చీటీ మీద మూడు ముద్రలు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు ఇద్దరు. ఎగువ కచేరీకి రేపు సెలవు. దిగువ కచేరీకి ఎల్లుండి సెలవు. ఇద్దరి ముద్రలూ ఒకే రోజు పడాలి. అంటే రెండు రోజులు ఇక్కడే, నీళ్ల డిపో పక్కన. పర్మిట్‌లో రోజులు మాత్రం సెలవు తీసుకోవు, తరిగిపోతూనే ఉంటాయి.

ఈలోగా బండి కడగాలి. ఒక రాష్ట్రం మట్టి, ఒక రాష్ట్రం గడ్డి విత్తనాలు ఇంకో రాష్ట్రంలోకి పోకూడదని, సరిహద్దులో ప్రతి బండినీ మంచినీళ్ల కాలువ గొట్టంతో కడగాలని ఉంది. కడగడానికి ఎన్ని నీళ్లయినా వాడుకోవచ్చు. తాగడానికి తీసుకుపోవాలంటే మాత్రం నీళ్ల పర్మిట్ వేరే, రెండు నెలలు పడుతుంది.

పర్మిట్ నాలుగో రోజు

బండిని వాళ్లిద్దరికీ వదిలి, ముందున్న దారి చూడటానికి జీపులో వెళ్లాను. దారి పొడుగునా చెట్ల కొమ్మలు, తీగలు, మలుపులు కొలిచాను. చివర తెల్లేరు వంతెన. పర్మిట్ దాని అవతలి గట్టుదాకే, ఆ తర్వాతది తాటిదిన్నె సొంత రోడ్డు. పాతది, స్తంభాల మధ్య ఐదు కానాలు. ఈ దారిలో అన్నిటికన్నా తక్కువ మోసేది ఇదే. రెండు వందల నలభై రెండు టన్నులు మించకూడదు. మా బండికి రెండు టన్నుల వెసులుబాటు ఉంది.

వాగు అవతలి గట్టు వారగా పారుతోంది, అక్కడి స్తంభానికి ఎర్రగీత గీసి ఉంది. వాగు నీళ్లు ఆ గీతను తాకితే భారీ బండ్లకు వంతెన నాలుగు నెలలు మూసేస్తారు. నీళ్లు గీతకు జానెడు కింద ఉన్నాయి. ఎగువన వానలు మొదలయ్యాయని జీపులో రేడియో చెబుతూనే ఉంది.

అక్కడ ఒకావిడ వంతెన పిట్టగోడ మీద కూర్చుని ఉంది. యాభై పైబడ్డ మనిషి, ఎండకు నల్లబడ్డ చేతులు. పేరు ఆదెమ్మ, తాటిదిన్నె నీళ్ల పంపకం చూసే మనిషి. రోజూ మూడు కిలోమీటర్లు నడిచొచ్చి కుండ కనబడుతుందేమోనని చూసిపోతోందట.

"తొమ్మిదో రోజుకి వస్తదా అమ్మా?" అంది.

"వస్తుంది."

"మా పాత మిషను చచ్చిపొయ్యి ఐదు నెలలు. ఇంటికి రోజుకి ఒక బిందె ఇస్తన్నా. పోయిన వారం నించీ ముప్పావు బిందె. ముప్పావని చెప్పలా, నింపేటప్పుడే చెయ్యి ఆపేస్తన్నా. అందరికీ తెలుసు. ఎవురూ అడగరు."

గెడ ఎత్తి పైన తీగలు కొలిచాను. తీగలేమీ లేవు.

పర్మిట్ ఐదో రోజు

డిపోకు తిరిగొచ్చాను. వాళ్లిద్దరూ ఇంకా బండి కడుగుతూనే ఉన్నారు.

"రెండు రోజులుగానా? పెళ్లికూతురికి కూడా ఇన్ని నీళ్లు పోయరు," అన్నాను.

"మా ఊరికి పోయే బండి గదమ్మా," అన్నాడు మస్తాన్.

నాకు ముచ్చటేసింది. ఆ మాటే ఇక్కడ రాస్తున్నాను.

పర్మిట్ ఆరో రోజు

ముద్రలు పడ్డాయి. కర్రతో కుండను భుజం దగ్గర తట్టాను. ఖంగుమంది. బయల్దేరాం.

ఇంజను బ్యాటరీ రోజూ కన్నా త్వరగా తరిగింది. ఎదురుగాలి అన్నాడు మస్తాన్. గాలి ఉన్న మాట నిజమే. మధ్యాహ్నం దిగుడు దారిలో కుండ లోపల ఏదో జారిన చప్పుడైంది, నేల మీద గోనెసంచి ఈడ్చినట్టు. ఆపి అడిగాను. గొలుసు వదులైందన్నాడు గురవయ్య. గొలుసులన్నీ మళ్లీ బిగించాం. నా మొహం చూడకుండా బిగించాడు. అతను ఎవరి మొహమూ చూడడు కదా అనుకున్నాను.

పర్మిట్ ఎనిమిదో రోజు

నిన్నంతా గాలి వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటింది, కదలకూడదు. ఇవాళ ఆ దూరం కూడా నడిచి తెల్లేరుకు నాలుగు కిలోమీటర్ల ఇవతల ఆగాం. రేపు సూర్యాస్తమయానికి అరగంట ముందు, అంటే ఐదున్నరకు, పర్మిట్ అయిపోతుంది. మళ్లీ దరఖాస్తు పెడితే ఇరవై ఒక్క రోజులు. వాగు అన్నాళ్లు ఆగదు. రేపు దాటకపోతే తాటిదిన్నెకు కుండ నాలుగు నెలల తర్వాతే.

రేడియో వేసి ఉంచాను. వాగు గీతకు నాలుగు వేళ్ల కింద ఉందట.

పర్మిట్ తొమ్మిదో రోజు

పదకొండు గంటలకు వంతెన ముందున్న తూకం పలక మీదికి బండి ఎక్కింది. అవతలి గట్టు మీద ఊరంతా ఉంది. డప్పులు వినిపిస్తున్నాయి. పూలదండలు కూడా తెచ్చినట్టున్నారు.

తెర మీద అంకె చూసి రెండోసారి తూకం వేయించాను. మళ్లీ అదే. రెండు వందల నలభై ఏడు.

కింద యంత్రం మాట: "పర్మిట్ బరువు కన్నా ఏడు టన్నులు ఎక్కువ. వంతెన పరిమితికి మించినది ఐదు టన్నులు, మూడు శాతం లోపు. పూచీదారు సొంత పూచీ మీద అనుమతించవచ్చు."

బండి దగ్గరికి నడిచాను. మస్తాన్ అప్పటికే ఇంజను దిగి నిలబడి ఉన్నాడు.

"మస్తానన్నా, ఈ ఏడు టన్నులు ఏంటి?"

అతను గురవయ్య వైపు చూశాడు. గురవయ్య తన మీటల పెట్టె వైపు చూసుకున్నాడు.

"నీళ్లమ్మా," అన్నాడు మస్తాన్.

డిపోలో కడిగిన రెండు రోజులూ వీళ్లు కుండ బయట కొంచెం, లోపల ఎక్కువ కడిగారు. కడిగిన నీళ్లు బయటికి వదల్లేదు. పొడవాటి కుండలో ఏడు వేల లీటర్లు అడుగున జానెడు లోతు కూడా రావు. నేను రోజూ తట్టింది భుజం దగ్గర. అక్కడ అంతా ఖాళీయే, ఖంగుమనక ఏం చేస్తుంది? మా మేనత్త పొట్టి మనిషి, ఆమె కర్ర కుండ అడుగుకు తగిలేది. నేను పొడుగు. కర్ర అందుకున్నాను గానీ వంగడం నేర్చుకోలేదు.

"కుండ బిగించి నీళ్లొచ్చేసరికి నలభై రోజులమ్మా," అన్నాడు మస్తాన్. "కుండొచ్చిందని సంబరపడి నలభై రోజులు ఏం తాగుతారు? మా అక్క కాళ్లు వాచి మంచంలో ఉండాది, ఉప్పునీళ్లు తాగి తాగి."

"నన్ను అడగాలిగా."

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలా."

కోపం వచ్చింది. కొండలరావు గారి చెప్పులు గుర్తొచ్చాయి, ఎడమదానికి కొత్త పట్టీ వేయించుకున్నారు ఆయన. "దీని కింద నిలబడేది నేనని నీకు తెలుసు," అన్నాను.

"తెలుసమ్మా. ఏడు టన్నులకి ఏమవుద్దిలే అనుకున్నా. రెండు వందల నలభైలో ఏడెంత? మూడు శాతం లోపయితే మీరు సంతకం పెట్టొచ్చంట గదా. మెషినే చెప్తంది."

"ఇనుమైతే పెట్టేదాన్నేమో. ఇనుము పెట్టినచోట పడుంటుంది. నీళ్లు ఉండవు. వంతెన మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంటుంది, అది దాటి బండి కిందికి వంగగానే ఏడు టన్నులూ ఒక్కసారి ముందుకు ఉరుకుతాయి. దిగుడులో మొన్న చప్పుడు వినలేదూ? గొలుసన్నారు."

మస్తాన్ నేల మీద కూలబడ్డాడు. "నాకది తట్టలేదమ్మా," అన్నాడు. ముప్పై ఏళ్లు బండి నడిపినవాడికి తట్టలేదా అనుకున్నాను. మంచం మీది అక్క కళ్ల ముందుంటే మనిషికి మిగతావి కనబడవు.

కుండ అడుగున నీళ్లు వదిలే మర ఉంది. తిప్పమన్నాను. గురవయ్య చెయ్యి వేసి తీసేశాడు. "నా వల్ల కాదు మేడం. మీరు తిప్పండి," అన్నాడు. ఈ తొమ్మిది రోజుల్లో అతను నాతో అన్న పొడుగు మాట అదే. నేను చెయ్యి వేశాను. అవతలి గట్టు మీద డప్పులు ఇంకా మోగుతున్నాయి. నేనూ తిప్పలేదు.

వంతెన మీద నడుచుకుంటూ అవతలికి పోయాను. ఆదెమ్మ ఎదురొచ్చింది. నా మొహం చూసి డప్పులు ఆపమని చెయ్యి ఊపింది.

"కుండలో మంచినీళ్లున్నాయి," అన్నాను. "ఏడు వేల లీటర్లు. నీళ్లతో దాటనివ్వను. వదిలెయ్యాలి."

ఆమె ఎవరు పోశారని అడగలేదు. ఎందుకు దాటనివ్వవనీ అడగలేదు. "మనుషులు దాటొచ్చా?" అంది.

"బండి వంతెన ఎక్కేదాకా దాటొచ్చు."

"ఎంతసేపుంది?"

"ఐదు గంటలకు మర పూర్తిగా విప్పేస్తాను. ఐదుంబావుకు బండి కదలాలి."

ఆదెమ్మ వెనక్కి తిరిగి, గొంతు పెద్దగా పెంచకుండానే, "దండలు కింద పెట్టి బిందెలు తెండమ్మా," అంది.

మొదటి బిందె వచ్చేసరికి ఒంటిగంట దాటింది. తర్వాత లెక్క తప్పలేదు, ఎందుకంటే లెక్కపెట్టింది నేను. వంతెన మీద వచ్చేవాళ్లు ఎడమవైపు, పోయేవాళ్లు కుడివైపు. అవతలి గట్టు మీద బళ్లలో పెట్టిన పీపాల్లో పోసి, ఖాళీ బిందెతో మళ్లీ వచ్చేవాళ్లు. మస్తాన్ మర దగ్గర కూర్చుని బిందె బిందెకూ తిప్పి కట్టేశాడు. చుక్క కింద పడనివ్వలేదు. బడిపిల్లలు సీసాలు తెచ్చారు. ఒకాయన పూలదండలు తెచ్చిన గంప పారేసి, దాని కింద వేసిన ప్లాస్టిక్ గుడ్డను మూటలా చేసి, దాంట్లో నీళ్లు పట్టుకుపోయాడు. నాలుగు బిందెలు మోసిన ఒక ముసలావిడ ఐదోసారి నా ముందు ఆగి, "ఇంకా ఉండాయా?" అంది. ఉన్నాయన్నాను. ఆమె నవ్వింది. ఈ ఉద్యోగంలో చేరాక నా మాటకు అంతగా సంతోషించిన మనిషిని చూడలేదు.

ఐదు గంటలయ్యేసరికి నాలుగు వందల పద్నాలుగు బిందెలు. ఇంకా వరసలో జనం ఉన్నారు. మస్తాన్ నా వైపు చూశాడు. నేను గడియారం చూపించాను.

మర పూర్తిగా విప్పాడు. మిగిలిన నీళ్లు ఇసుకలోకి పోయాయి. అందరం నిలబడి చూశాం. ఎనిమిది వందల లీటర్లు ఇంకడానికి పట్టిన సమయం రాయబుద్ధి కావడం లేదు.

మళ్లీ తూకం. రెండు వందల నలభై. ఈసారి కర్రతో కుండ అడుగున తట్టాను, వంగి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. వాగు గీతకు రెండు వేళ్ల కింద ఉంది. సంతకం పెట్టాను.

గట్టు దిగబోతుంటే మస్తాన్ అడ్డమొచ్చాడు. "బరువు పెట్టింది నేనమ్మా. కింద నిలబడాల్సింది నేను. గురవయ్య బండి తోలతాడు."

"గురవయ్య తోలితే నేను సంతకం వెనక్కి తీసుకుంటాను," అన్నాను. "వంతెన మీద బ్రేకు పడకూడదు, గేరు మారకూడదు. అలా నీకన్నా బాగా తోలేవాళ్లు నాకు తెలియదు. పైకి నువ్వు పో."

అతను ఇంజను ఎక్కాడు.

మూడో కానా కింద ఇసుక పొడిగా ఉంది. అక్కడ నిలబడ్డాను. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. ఆదెమ్మ, చంకలో నిండు బిందెతో.

"ఇక్కడ ఉండకూడదమ్మా," అన్నాను.

"ఏ కాయితంలో ఉంది?"

ఆలోచించాను. నిబంధనలు నూట పద్దెనిమిది నాకు కంఠతా వచ్చు. సంతకం పెట్టినవాళ్లు నిలబడాలని ఉంది. ఇంకొకరు నిలబడకూడదని ఎక్కడా లేదు.

"ఆ కుండ మాది. ఆ వంతెన మాది," అంది ఆదెమ్మ. "కింద పరాయి మనిషొక్కతే నిలబడితే మాకేం మర్యాద?" బిందె ఇసుకలో కుదురుగా పెట్టి నా పక్కన నిలబడింది.

పైన ఇంజను మోత మొదలైంది. మామూలుగా నేను పైకి చూస్తాను, మా మేనత్త చూసినట్టే. ఇవాళ బిందెలోకి చూశాను. నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి. మొదటి కానా మీదికి చక్రాలొచ్చాయి. వలయాలు దగ్గరదగ్గరయ్యాయి. రెండో కానా. పైనుంచి సున్నం పొడి రాలి మా భుజాల మీద పడింది. ఆదెమ్మ నా మణికట్టు పట్టుకుంది. భయపడ్డాను. పంతొమ్మిది వంతెనల కింద నిలబడ్డదాన్ని, ఇంత భయం ఎప్పుడూ తెలియదు. నన్ను పట్టుకున్న మనిషి ఎప్పుడూ లేదు మరి.

బండి నడినెత్తిన ఉంది. బిందె అంచు దాటి నీళ్లు ఒకసారి చిందాయి. బండి మధ్య ఎత్తు దాటి కిందికి వంగింది. కుండ లోపల ఏ చప్పుడూ లేదు. మస్తాన్ బ్రేకు వెయ్యలేదు. నాలుగో కానా. ఐదు. వలయాలు ఒక్కొక్కటే పెద్దవై, పలచబడి, బిందె గోడలకు తగిలి ఆగాయి.

నీళ్లు నిలిచాయి. అందులో వంతెన నీడ కనబడింది, తిన్నగా.

ఆదెమ్మ చెయ్యి వదిలి బిందె చంకకెత్తుకుంది. పైన డప్పులు మళ్లీ మొదలయ్యాయి. సమయం ఐదు ఇరవై ఏడు.

ఈ పుస్తకం రేపు కచేరీకి పోతుంది. చదివినవాళ్లు మస్తాన్ లైసెన్సు అడుగుతారు. సరిహద్దు దాటాక సరుకును అడుగుదాకా తట్టి చూడాల్సింది నేను, చూడనిది నేను. ఆ తప్పు నా పేరు మీద రాయండి. నా మూడో తరగతి బిళ్ల ఈ పుస్తకంతోనే పంపుతున్నాను. ఉంచాలో తియ్యాలో మీరే చూడండి.

తెల్లేరు వంతెన మీద బండితో దాటిన బరువు: రెండు వందల నలభై టన్నులు.

నడిచి దాటిన బరువు: తాగునీళ్లు, ఆరు టన్నుల రెండు వందల కిలోలు.

రెండింటికీ పూచీ: దాసరి సువార్త.